మెడలో కేబుల్

మార్చి 3, మంగళవారం

కొత్త సర్వర్ వచ్చింది. పాతది ముక్కుతూ మూలుగుతూ ఇన్నాళ్లూ ఆస్పత్రిని లాక్కొచ్చింది. ఆదివారం స్కానింగ్ ఉండదు కాబట్టి ఆ రోజే కానిచ్చెయ్యమని మేనేజరు హుకుం. తయారుచేసిన కంపెనీ సెటప్ టూల్ ఇచ్చిందిగా, నాలుగు నొక్కులు నొక్కితే ఆపరేటింగ్ సిస్టమ్ అదే ఎక్కేస్తుంది, నీకు పనేముంది అన్నాడు. ఆయనకి అన్నీ నాలుగు నొక్కులే.

పేషెంట్ల స్కాన్లన్నీ పక్కనున్న స్టోరేజ్ పెట్టెలో ఉన్నాయి. మా అక్క తల స్కాన్లు కూడా అందులోనే. వచ్చే వారం గురువారం ఆపరేషన్. గడ్డ ఎటు పెరిగిందో వాటిలో చూసుకుంటే గానీ చెయ్యి వెయ్యనన్నాడు డాక్టరు. బ్యాకప్ ఉంది గానీ అక్క స్కాన్లకంటే ముందుది. మళ్లీ బ్యాకప్ తియ్యడానికి కొత్త డిస్కులు అడిగితే వచ్చే నెల చూద్దాం అంటున్నారు. ఒళ్లు మండింది.

మార్చి 5

టూల్ తెరిచి చూసుకున్నాను. దాని కంటికి ఏ డిస్క్ కనిపిస్తే అది తుడిచేస్తుంది. ఇది నీదా, పక్కవాడిదా అని అడగదు.

అందుకే గురువుగారి పద్ధతి. నాకీ పని నేర్పిన సీనియర్ ఆయన. పోయిన నెల గుండెపోటుతో పోయారు. ఇన్‌స్టాల్‌కి ముందు స్టోరేజ్ కేబుల్ పీకి మెడలో వేసుకునేవారు. మెడ బోసిగా ఉంటే నెక్స్ట్ నొక్కకు తల్లీ అనేవారు. పలుపుతాడు కట్టారా అని అందరం ఏడిపించేవాళ్లం.

ఆయన కుర్చీలో ఇంకా ఎవరూ కూర్చోవడం లేదు.

మార్చి 7

సోమవారం హడావిడి పడకూడదని ఇవాళ్టి స్కానింగులు అయ్యాకే కేబుల్ పాత సర్వర్ నుంచి కొత్తదానికి మార్చాను. చివర చీటీ కట్టి, స్కాన్లు, జాగ్రత్త అని రాశాను. పెట్టె మీద పచ్చ లైటు వెలిగింది. రేపు మొదలుపెట్టేముందు పీకితే సరి.

మార్చి 8, ఆదివారం

అక్షరాలు వంకర పోతున్నాయి.

టూల్ ప్రశ్నలు అడుగుతుండగా అక్క ఫోన్ చేసింది. జుట్టు మొత్తం తీసేస్తారటే, నన్ను చూసి పిల్ల జడుసుకుంటుందేమోనే అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, చేత్తో నెక్స్ట్, నెక్స్ట్ నొక్కుతూ పోయాను.

ఫోన్ పెట్టేశాక మెడ తడుముకున్నాను. బోసి మెడ.

అప్పటికే టూల్ డిస్కులు తుడిచేసి ఫైళ్లు ఎక్కిస్తోంది. అక్కని నా చేతులారా చంపుకున్నానే అనుకుంటూ సర్వర్లు పెట్టిన రాక్ వెనక్కి పరిగెత్తాను.

పోర్ట్ ఖాళీగా ఉంది. కేబుల్ లేదు. పెట్టె మీద లైటు ఆరిపోయి ఉంది.

నేల మీద పాకుతూ వెతికాను. ఎక్కడా లేదు.

మార్చి 9

వేరే కేబుల్ పెట్టాను. అక్క స్కాన్లు చెక్కుచెదరలేదు. బాత్రూమ్‌లోకి వెళ్లి తనివితీరా ఏడ్చాను.

నిన్న సర్వర్ గది తలుపు దగ్గర మీ కార్డు తప్ప ఇంకో కార్డు పడలేదు మేడమ్ అన్నాడు సెక్యూరిటీ అతను. నువ్వే పీకి ఎక్కడో పడేసి మర్చిపోయి ఉంటావంది పక్క సీటావిడ. అంతే అయుంటుంది. అంతే అయితే బాగుండు.

మార్చి 12

అక్క కళ్లు తెరిచింది. నన్ను గుర్తుపట్టి, తిన్నావా అంది.

మార్చి 14

గురువుగారి డెస్కులోని సామాన్లు ఇచ్చి రావడానికి వాళ్లింటికి వెళ్లాను. ఆంటీ టీ ఇచ్చి కాస్త నిష్ఠూరమాడింది. ఆదివారం వచ్చి, పలకరించకుండా వెళ్లిపోయావేమ్మా అంది. నేను రాలేదన్నాను. మరి అదేమిటి అని తలుపు వెనక కొక్కేన్ని చూపించింది.

ఆయన కోటు. దాని కాలర్ చుట్టూ కేబుల్. చివర నా చేతిరాతతో చీటీ.

టీ ఎలా తాగానో తెలియదు.

మార్చి 22

ఇంకో సర్వర్ వచ్చింది. ఈసారి ముందే కేబుల్ పీకి మెడలో వేసుకున్నాను. గదిలో నేనొక్కదాన్నే. అయినా, వేసుకున్నానండీ అని పైకే చెప్పాను.

అప్పుడు గానీ నా వెనక తెరిచి ఉన్న రాక్ తలుపు దానంతటదే మూసుకోలేదు.