మాంసం లేని బరిటోలు

అక్కా, నేను కులాసా. ఉద్యోగం పోతే వచ్చెయ్యమన్నావు, పోలేదు.

"మాంసం లేని బరిటోలు చెయ్యి. మిగిలాయా, రేపట్నుంచి రాకు" అంది క్యాంటీన్ పెద్దావిడ. రొట్టెలో కూర చుట్టడమేగా అనుకుని, ఉడికిన రాజ్మా, ముడిబియ్యం అన్నం వేడివేడిగా పెట్టి, ఇంట్లో పిల్లలకు చుట్టినట్టే అడుగు మడవకుండా చుట్టాను. మొదటి పదీ చేతుల్లోనే కారిపోయాయి. మిగతా రాజ్మా మెదిపి, తడి ఆరేదాకా వేయించి, చల్లార్చి, అంచులు లోపలికి మడిచి చుట్టాను. ఒక్కటీ మిగల్లేదు. బరువులు మోసే ఆయన, "చెల్లెమ్మా, రెండోది విప్పి కూడా చూశాను, మాంసం ఎక్కడ దాచావు?" అన్నాడు. పెద్దావిడ నవ్వలేదు గానీ, రేపటికి అరవై చెయ్యమంది.

అమ్మ మోకాలికి పట్టీ కొన్నావా? నా మిగతా చీరలు పార్సిల్ చెయ్యి, వాటికోసం ఇప్పట్లో రాను. అమ్మకు దండాలు, పిల్లలకు ముద్దులు.

నీ చెల్లి