శుక్రవారం పత్రం

గౌరవనీయులైన రమాబాయి మేడమ్‌కు,

కిషన్‌బాగ్ అంగన్‌వాడీలో నేను రాసిన మూడు వారాల పరిశీలన పత్రాలు దీనితో పంపుతున్నాను. పరిశోధన నేర్పుతూ మీరు చెప్పినట్టే మూలన కూర్చున్నాను. పిల్లలతో మాట్లాడలేదు, నవ్వలేదు. ఐదు నిమిషాలకోసారి, ఎవరు ఒంటరిగా ఉన్నారో రాశాను. ఎక్కువసార్లు రాసింది నాలుగేళ్ల సుజన పేరే. మాట్లాడకుండా ఉండడం నాకేమీ కష్టం కాలేదు. అమ్మ పోయాక సంతోష్‌నగర్ ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను, అదే అలవాటైంది.

చివరి శుక్రవారం పత్రం మాత్రం లెక్కలోకి తీసుకోకండి. తప్పు నాదే. ఆ రోజు సుజన ఆటసామాన్లలోంచి ఖాళీ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. నేను తల ఎత్తలేదు.

"నీతోని గూడ ఎవ్వరు ఆడ్తలేరా? చాయ్ తాగు, గరం గరం ఉన్నది," అంది.

ఊదుకుంటూ తాగాను మేడమ్. ఇంకో గ్లాసు కూడా అడిగాను.

నియమం తెలిసే తప్పాను. బదులుగా ఇంకో రోజు కూర్చోమంటే కూర్చుంటాను. ఆ పత్రం మాత్రం చింపేయకుండా నాకు తిరిగి ఇప్పించండి. పదకొండు గంటల దగ్గర, ఒంటరిగా ఉన్నవారి గడిలో, మూడు వారాల్లో మొదటిసారి 'ఎవరూ లేరు' అని రాశాను.

మీ దగ్గర ఇంకా నేర్చుకుంటున్న
విద్యార్థిని