దర్జీ గారి రేపు

సోమవారం
ముందుగా ఒక దిద్దుబాటు. నిన్న ఫోన్‌లో మీ కాలేజీ మేడమ్‌తో “మా అమ్మమ్మకేమండీ, బోలెడంత ఖాళీ” అన్నావు. ఖాళీ కాదు తల్లీ, రిటైర్‌మెంటు. రెండూ వేరు.

సరే. ఉదయాలు నీకు కాలేజీలో క్లాసులు కనుక, నీ పరిశోధనకు నీ బదులు నేను కూర్చుంటున్నాను. విషయం: మన సందు చివరి దర్జీ అందరికీ “రేపు రండి” అంటాడు. ఆ రేపు ఎందుకు రాదు? ఆరు నెలలు చూడవలసిన పనికి మీవాళ్ళు ఇచ్చింది పది రోజులు. అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఒక మెతుకు చాలు, ఒప్పుకున్నాం. బియ్యం కడగకముందే మెతుకు పట్టుకోమంటే ఎలా? పదో రోజుకు నోట్సు ఇవ్వకపోతే నీ సీటు పోతుందట.

నా నియమం: చూడాలి. రాయాలి. నోరు విప్పకూడదు. ముప్పై ఏళ్ళు పరీక్ష హాళ్ళలో కాపలా కాసినదాన్ని, ఇదొక లెక్కా!

9.40 – దర్జీ కత్తెర కోసం వెతుకుతున్నాడు.
9.55 – కత్తెర మీదే కూర్చున్నాడు. చూశాను. చెప్పలేదు!
10.20 – దొరికింది. శాస్త్రం గెలిచింది.

మంగళవారం
“రేపు రండి” – పదకొండు సార్లు.
రిటైరైన పోస్టుమాన్ ఒకాయన నాలుగు నెలలుగా తన కోటు కోసం రోజూ వస్తున్నాడు. బల్ల మీద కూర్చుని గంటన్నర తిట్టి వెళ్తాడు.
“నీ రేపుకి మీసాలొచ్చాయయ్యా!”
“పెద్దదవుతోంది కదండీ, సంతోషించండి.”
నేను నవ్వలేదు. దగ్గాను.

బుధవారం
ఒక్క మాట అన్నాను. “బట్టలకి పేర్లు రాసి చీటీలు గుచ్చొచ్చుగా?” అది సలహా కాదు, ప్రశ్న. ప్రశ్నలు అడగొచ్చని నువ్వే అన్నావు.

గురువారం
ఇరవై రెండు గుండీలు కుట్టాను. పనిలో పాల్గొంటూ పరిశీలించాలని మీ పుస్తకంలోనే ఉంది. పేజీ మడతపెట్టాను, చూసుకో.

శుక్రవారం
రాయడానికి తీరిక లేదు.

శనివారం
ముందొచ్చిన బట్టలు ముందు. పుస్తకం పెట్టాను.
“పెద్దమ్మగారూ, ఇది దుకాణమా, బడా?” అన్నాడు దర్జీ.
“బడైతే ఈపాటికి నిన్ను బల్లెక్కించేదాన్ని.”

ఆదివారం
సెలవు. దర్జీకి. నేను చీటీలు రాసుకున్నాను.

సోమవారం
పేరుకుపోయిన పాత బట్టలన్నీ కుట్టడం అయిపోయింది! “రేపు రండి” – సున్నా!
కోటు ఇస్త్రీ చేసి మరీ ఇచ్చాం. పోస్టుమాన్ చెయ్యి చాపలేదు.
“ఎవరు తొందరపెట్టారండీ?”
“మీరే కదా, నాలుగు నెలలుగా!”
“తిట్టాను. తొందరపెట్టలేదు.”
తొడుక్కోకుండానే చంకలో పెట్టుకుని వెళ్ళాడు. మనుషులకు మేలు చేయకూడదు.

మంగళవారం
క్లాసులు లేవని ఉదయమే దుకాణానికి వచ్చావు. బల్ల ఖాళీ. దర్జీ తలెత్తకుండా కుడుతున్నాడు.
“అమ్మమ్మా, రేపు ఏదీ?”
“బాగుచేశాను.”
“నేను చూడ్డానికి వస్తే నువ్వు దానికి మందేశావా!”
అప్పుడు దర్జీ మిషను ఆపాడు. “కోటు రెండు రోజుల పనేనమ్మా. ఇచ్చేస్తే ఆయన ఎక్కడికెళ్తాడు? ఇంట్లో తిట్టుకోడానిక్కూడా ఎవరూ లేరు.”
“ఆ ముక్క నాకు ముందే చెప్పొచ్చుగా?” అన్నాను.
“మీరడగలేదండీ. చెప్పారంతే.”
ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకెవరూ సున్నా వేయలేదు. ఈయన వేశాడు. నువ్వేమో నేల మీద కూర్చుని గబగబా రాసుకుంటున్నావు.

బుధవారం
మీ మేడమ్ నోట్సు చదివిందట. దర్జీ మాట బాగుందట, కానీ పోస్టుమాన్ మాట కూడా కావాలట. మరో వారం గడువు. నీ సీటు అంతవరకు పదిలం. పోస్టుమాన్ మాత్రం రెండు రోజులుగా ఈ వైపు రాలేదు.

రేపటి నుంచి మళ్ళీ నియమం. చూడాలి. రాయాలి. నోరు విప్పకూడదు. ఈసారి ఒట్టు.

అయితే కాలేజీకి వెళ్తూ ఒక పని చూడు. ఆయనది వెనక వీధిలో నీలం గేటు ఇల్లు. ఈ డైరీలో ఒక చీటీ పెట్టాను: “కోటు ఎడమ చెయ్యి అరంగుళం పొడుగైంది. తెచ్చి ఇవ్వగలరు. దిద్దడానికి కొంతకాలం పట్టును.” నిజానికి సరిగ్గానే ఉంది, నేనే కొలిచాను. కవరులో పెట్టి, పూర్తి పేరు, ఇంటి నంబరు రాయి. తలుపు కింద తోసి రాకు. పోస్టుమాన్ ఆయన, గౌరవంగా చేతికివ్వు.