ఓకర్‌లండ్ గారి సున్నాలు

సర్వే కార్యాలయం, మొహావీ ఎడారి
సెప్టెంబరు 2

ఓకర్‌లండ్ గారికి,

నమస్కారం. మా సర్వేకి ఒప్పుకున్నందుకు చాలా సంతోషం. ధ్వనిని మించిన వేగంతో పోయే విమానం కింద ఊళ్లలో పిడుగు పడ్డట్టు మోగుతుంది. అందుకే దాన్ని సముద్రం మీద తప్ప నేల మీదుగా పోనివ్వరు. ఆ మోత బాగా తగ్గించిన విమానం ఒకటి తయారైంది, మీ ఊరి మీదుగా ఎగురుతుంది. రోజూ ఏం వినబడిందో, ఎంత చిరాకేసిందో కార్డు మీద సున్నా నుంచి పది దాకా అంకె వేసి పంపండి.

ఇట్లు,
ఇనెజ్ కరాస్కో

తా.క. విమానం వదిలే పొగ సంగతి అడగొద్దు. అది పక్క గదివాళ్ల తలనొప్పి.

కాటన్‌టెయిల్ వెల్స్
సెప్టెంబరు 9

కరాస్కో గారికి వెండెల్ ఓకర్‌లండ్ రాయునది,

సోమ, మంగళ, బుధవారాల్లో ఎగురుతుందని మా ఊరి పేపర్లో వేశారు. మూడు రోజులూ నాకు సున్నా. మా ఆవిడ లోర్నాకు మాత్రం ఏడుసార్లు వినబడింది. పక్కింటి హావర్టీ కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయట. "ఏమయ్యా, ఇంటి కప్పు లేచిపోతుంటే వినబళ్లేదా?" అంటుంది లోర్నా. నలభై నాలుగేళ్లుగా పియానోలు శ్రుతి చేసి బతుకుతున్నాను. చెవులు పోతే నాకింకేం మిగులుతుంది? భయంగా ఉందండీ.

ఇట్లు,
వెండెల్

తా.క. గురువారం మధ్యాహ్నం రెండిళ్ల అవతల ఎవరో కారు తలుపు వేశారు. చిరాకు సున్నా. దాన్ని విమానం అనలేను కదా!

మొహావీ
సెప్టెంబరు 13

ఓకర్‌లండ్ గారికి,

మీ కార్డు చూసి ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. మా డైరెక్టరు దాన్ని గోడకు అంటించారు. ఇలాంటి చెవుల కోసమే ఇన్నాళ్లూ వెతుకుతున్నాం. ఇలాగే రాస్తూ ఉండండి.

ఇట్లు,
ఇనెజ్

తా.క. కేకు కూడా కోశాం.

కాటన్‌టెయిల్ వెల్స్
సెప్టెంబరు 17

కరాస్కో గారికి,

చెవిటివాడు దొరికాడని కేకు కోసుకున్నారా? సిగ్గుండాలి! ఇక పియానో ముట్టనని చర్చికి కబురు పంపాను. నా పనిముట్లన్నీ శనివారం బేకర్స్‌ఫీల్డ్ నుంచి కుర్రాడొకడు వచ్చి పట్టుకుపోతాడు. వాడు సెల్‌ఫోన్ చూసి శ్రుతి చేస్తాడు. లోర్నా ఇప్పుడు నాతో కొండ అవతలివాళ్లను పిలిచినట్టు మాట్లాడుతోంది. "నాకు చెవుడు లేదే" అంటే "పాపం, ఒప్పుకోడు" అని హావర్టీకి చెబుతోంది.

ఇట్లు,
ఇక సెలవు,
వెండెల్

తా.క. ఈ సోమవారం తను తొమ్మిది వేసింది. వంటింట్లోంచి విన్నదట, మిక్సీ ఆడుతుండగా.

మొహావీ
సెప్టెంబరు 19, అర్జెంటు

ఓకర్‌లండ్ గారికి,

పనిముట్లు ఇవ్వకండి! డైరెక్టరును బతిమాలి ఈ మాట చెబుతున్నాను. ఆ మొదటి వారం సోమ, మంగళ, బుధవారాల్లో విమానం ఎగరనే లేదు. చక్రం ఊడదీసి షెడ్డులో పెట్టాం. జనం చప్పుడు విని రాస్తున్నారా, భయపడి రాస్తున్నారా తెలియాలని ఖాళీ రోజులు కావాలనే పెడతాం. పేపరువాళ్లకు ఎవరు చెప్పారో తెలియదు. ఆ మూడు రోజులూ మీ ఊళ్లో రెండు వందల పన్నెండుమంది మోత విన్నారు. ఈ సోమవారం కూడా షెడ్డులోనే ఉంది.

ఎగిరింది గురువారం. ఆ రోజు కార్డులో ఒక్క ముక్క రాసింది మీరొక్కరే. ఆ కారు తలుపు మా విమానమే. పిడుగును అంత చిన్నది చెయ్యడానికి మాకు తొమ్మిదేళ్లు పట్టింది.

ఇట్లు,
మీ ఇనెజ్

తా.క. గుట్టు చెప్పేశాను కాబట్టి ఇక మీ కార్డులు లెక్కలోకి రావు. మన్నించండి.

కాటన్‌టెయిల్ వెల్స్
సెప్టెంబరు 22

ఇనెజమ్మా,

నీ ఉత్తరం నిలబడి చదివి, కూర్చుని ఏడ్చాను. ఆ కుర్రాణ్ణి గుమ్మంలోంచే పంపేసి తిన్నగా చర్చికి పోయి పియానో మెట్టు ఒకటి నొక్కాను. అపశ్రుతి! ఇంకోటి నొక్కాను. అదీ అపశ్రుతే! పియానో పాడైపోయిందని ఇంత సంబరపడినవాణ్ణి ఫాదరు ఎన్నడూ చూడలేదట.

ఉంటాను తల్లీ,
వెండెల్

తా.క. ఈ రోజు లోర్నా పది వేస్తుంది. అది విమానం మీద కాదు, నా మీద. పొద్దుట్నుంచి ఇంట్లో ఈల వేస్తున్నాను.