పక్క పెట్టెలో కోడి

గురువారం

ప్రియమైన బావమరిదికి,

మీ అక్క చివరి రోజు ఎలా గడిచిందో వరసగా రాస్తున్నాను. పలకరించడానికి వచ్చినవాళ్ళకి నువ్వొకలా చెప్పావు, మీ ఆవిడ ఇంకోలా చెప్పింది. ఇద్దరూ అక్కడ లేరు. నేనున్నాను.

మంగళవారం. ఆరింటికి లేచింది. కోళ్ళ గది తలుపు తీసింది. టీ తాగింది. తొమ్మిదింటికి పొదుగు మీదున్న నల్లకోడిని రెండు చేతులా ఎత్తి, పెరట్లో నూకలూ నీళ్ళూ పెట్టిన చోట దింపింది. రోజూ చేసే పనే. అలా దింపకపోతే అది తిండి కూడా మానేసి గుడ్ల మీదే కూర్చుంటుంది. అందుకే దానికి సూపరింటెండెంటు అని పేరు పెట్టింది. మా సర్వే ఆఫీసులో ఆయన కూడా కుర్చీ ఎక్కితే దిగడని. "ఇరవై నిమిషాలు. టైము చూడండి" అంది నాతో. చూశాను. తొమ్మిదీ అయిదు. తల తిప్పేసరికి కోళ్ళ గది గుంజ పట్టుకుని నిలబడి ఉంది. "ఏం లేదు, కళ్ళు తిరిగాయి" అంది. లోపలికి తీసుకొచ్చి పడుకోబెట్టాను. ఒళ్ళంతా చెమట. ఎడమ చెయ్యి లాగుతోందంది. అంబులెన్సు వచ్చేసరికి పది దాటింది. పెద్దాసుపత్రి గేటు చేరకముందే అయిపోయింది. దారిలో ఒక్కసారే మాట్లాడింది. "కోడి మళ్ళీ ఎక్కిందా? చూశారా?" అంది. చూడలేదు.

ఇంటికి తెచ్చేసరికి ఒంటిగంట. నువ్వు అప్పటికే వచ్చి గుమ్మంలో ఉన్నావు. నిన్ను ఒకే ఒక్క పని అడిగాను. నల్లకోడి గుడ్ల మీద ఉందో లేదో చూసి రమ్మన్నాను. వెళ్ళావు, వచ్చావు. "కూర్చునే ఉంది బావా" అన్నావు.

అయిదింటికి నేను వెళ్ళి చూశాను. కూర్చునే ఉంది. పక్క పెట్టెలో. ఆ పూట ఇంకో కోడి పెట్టిపోయిన ఒక్క గుడ్డు మీద, ఈకలన్నీ ఉబ్బించుకుని. దాని సొంత పెట్టెలో పదకొండు గుడ్లు, మీ అక్క పెన్సిలుతో గుర్తులు పెట్టినవి, ఎనిమిది గంటలుగా వట్టినే పడి ఉన్నాయి. నువ్వు కోడిని చూశావు. దాని కింద ఏముందో చూడలేదు. మేతకి దిగిన పొదుగుకోడి ఒక్కోసారి దారి తప్పి పక్క పెట్టె ఎక్కుతుందని ఆవిడ నీకు ఎన్నిసార్లు చెప్పలేదు? ఈ పెరటి గుడ్లు డజన్ల కొద్దీ పట్టుకుపోయావే, ఆ పాటి మాట చెవిన పడలేదా?

అదీ సరిపెట్టుకునేవాణ్ణి. కానీ ఆ గుడ్లు ముట్టుకుని నువ్వేమన్నావు? "చల్లబడిపోయాయి బావా, పారేద్దాం. ఇంక వీటితో ఏం పని?" వాటిని ఎత్తడానికి మీ ఆవిడ చేట కూడా తెచ్చింది. అప్పుడు అరిచాను. ఇంటినిండా జనం. నాకు మతి పోయిందనుకున్నారు. పోలేదు. కోడిని ఎత్తి దాని గుడ్ల మీద పెట్టి, పెట్టెకి అట్ట అడ్డం పెట్టాను. నెత్తురొచ్చేలా పొడిచింది. మేతకి నేను దింపితే తప్ప ఇప్పటికీ దిగలేదు.

నువ్వు ఫోన్లు చేస్తున్నావు. ఎత్తను. నీ గొంతు వింటే మాట జారతాను. అందుకే రాశాను.

నీ బావ


బుధవారం

బావమరిదికి,

ప్రియమైన అని రాయడానికి ఈసారి చెయ్యి రావడం లేదు.

నిన్న ఆఫీసులో ఉండగా పెద్దాసుపత్రి నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "వచ్చే వారం మీ మేడమ్ గారి అడ్మిషన్ సార్. ఏమీ తినకుండా తీసుకురండి. ఒకసారి వాయిదా వేయించుకున్నారు, మళ్ళీ మార్చడం కుదరదు" అంది. ఏ అడ్మిషన్ అన్నాను. గుండెకి వెళ్ళే నాళంలో అడ్డు ఉంది, స్టెంటు వెయ్యాలి, వెంటనే చేరమని డాక్టరు రాశారు అంది. తోడు వచ్చినవారు తమ్ముడు అని కూడా కాగితంలో ఉందట. "మీరేనా సార్ తమ్ముడు?" కాదు, భర్తని అన్నాను. ఆవిడ లేదని చెప్పాను. "అయితే క్యాన్సిల్ చేస్తాను సార్" అంది.

అప్పుడు లెక్క కుదిరింది. ఆవిడ పోవడానికి పది రోజుల ముందు, నూకలు తెస్తానని నీతో వెళ్ళి ఖాళీ సంచితో తిరిగొచ్చిన శనివారం. కొట్టు మూసుందంది. నమ్మాను. మర్నాడు ఆదివారం నల్లకోడిని గుడ్ల మీద కూర్చోబెట్టింది. సోమవారం ఆసుపత్రికి ఫోన్ చేసి, పిల్లలు పగిలేదాకా వాయిదా అడిగింది. నువ్వు ఊరుకున్నావు. రోజుకి పాతిక మందికి కొలతలు తీసే టైలరువి, అంగుళం తేడా వస్తే కుట్లు విప్పి మళ్ళీ కుడతావు. సొంత అక్క ప్రాణం దగ్గర మాత్రం "ఇరవై ఒక్క రోజులేగా" అనుకున్నావా? నాకో ముక్క చెప్పడానికి నీ నోరేమైంది? పైగా శవం ఇంట్లో ఉండగా, "కోళ్ళ పిచ్చే మా అక్కని తినేసింది" అని గుమ్మంలో నిలబడి అన్నావు. విన్నాను.

ఇక్కడి సంగతులు. మొన్న మధ్యాహ్నం కిటికీలన్నీ మూసి, టార్చి వెలుగుకి అడ్డం పెట్టి గుడ్లు ఒక్కొక్కటీ చూశాను. ఆరు పోయాయి. అయిదింటిలో కదలిక ఉంది. కోళ్ళ గది పైకప్పు రేకుల వేడే కాపాడినట్టుంది. నువ్వు పారేద్దామన్నవి. ఈలోగా తెల్లకోడి కూడా పొదుగుకి వచ్చి, కింద గుడ్లు లేకుండానే కూర్చుని, దగ్గరికెళ్తే గుర్రుమంటోంది. పొదుగు మానాలంటే మీ ఆవిడైతే నీళ్ళ బకెట్లో ముంచమనేది. నేను దాన్ని అడుగున తీగలున్న బోనులో మేతా నీళ్ళూ పెట్టి మూడు రోజులు ఉంచాను. కిందినుంచి గాలి తగిలి పొట్ట చల్లబడితే మానేస్తుందని మీ అక్క పద్ధతి. మానేసింది.

ఇంక ఈ ఇంటికి రాకు. నువ్వు ఇచ్చిన కుట్టుమిషను ఎవరిచేతైనా పంపుతాను. మాకు పిల్లల్లేరు. ఆవిడ తరఫున నాకు మిగిలిన మనిషివి నువ్వొక్కడివే. ఆ ఒక్కడూ లేకపోయినా బతుకుతాను.

బావ


సోమవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం శనివారం అందింది. మూడంటే మూడు వాక్యాలు. "అక్క మీకు చెప్పానంది బావా. మీరు సరే అన్నారని కూడా అంది. ఆ తర్వాత నేను మాట్లాడటానికేముంటుంది?"

అబద్ధం అన్నాను. ఖాళీ ఇంట్లో పైకే అన్నాను. రెండు రోజులు అదే అనుకుంటూ తిరిగాను. ఇవాళ పొద్దున నీళ్ళ గిన్నె కడుగుతుంటే, ఏ కారణమూ లేకుండా, ఆ ఆదివారం మొత్తం గుర్తొచ్చింది.

ఆఫీసు పటం ఇంటికి తెచ్చుకుని బల్ల మీద గీతలు గీస్తున్నాను. ఆవిడ గిన్నెలో గుడ్లు పట్టుకుని వచ్చి నిలబడింది.

"ఏమండీ, నల్లదాన్ని కూర్చోబెట్టనా, వద్దా?"

"కూర్చోబెట్టు. నన్నడుగుతావేం?"

"ఇరవై ఒక్క రోజులు. మధ్యలో నేనెక్కడికైనా వెళ్ళాల్సొస్తే?"

"ఎక్కడికెళ్తావు నువ్వు?"

"ఆసుపత్రికే అనుకోండి."

"ఈ పిల్లలు పగిలాక తీరిగ్గా వెళ్దువుగాని."

నవ్వుతూ అన్నాను. తల ఎత్తలేదు. గీత వంకరపోతుందని. ఆవిడ గిన్నెలో గుడ్లు సర్దుకుంది. "అయితే మీరు సరే అన్నట్టేగా" అంది. సరే అన్నాను. వెళ్ళిపోయింది.

ఆవిడ దాచలేదు. తనకి అలవాటైన తీరులో చెప్పింది. ముప్ఫై ఏళ్ళూ మా ఇంట్లో పెద్ద మాటలన్నీ కోళ్ళ మీదుగానే నడిచాయి. మాకు పిల్లలు పుట్టరని డాక్టరు చెప్పిన రోజు, ఇంటికొచ్చి ముందుగా "గుడ్లన్నీ మురిగిపోయాయండీ" అంది. ఆ రోజు పెరట్లో పొదుగుకోడే లేదు. ఏం చెబుతోందో ఒక్క క్షణంలో అర్థమై, చేతిలో పని వదిలేసి వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఈసారి వదల్లేదు. ఏ పటమో, ఎవరి స్థలమో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

ఆవిడ మీదా కోపంగానే ఉంది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఉంది. ఆ పెన్సిలు లాగి అవతల పారేసి ఒక్క కసురు కసిరితే లేచేవాణ్ణి. ఎందుకు కసరలేదు? కసిరి ఎరగదు. అలా ఎరగకుండా చేసిందీ నేనేనేమో.

ఇంకోటి. కోళ్ళ గదిలో నాలుగు పెట్టెలూ చేసింది నేను. ఒకే చెక్క, ఒకే కొలత, ఒకే వరస. "దీనికొక్కదానికి రంగు వెయ్యండి, కోడికి తెలియద్దూ" అని ఆవిడ అంటే, వరస చెడిపోతుందన్నాను. అక్కడ కోడీ పొరబడింది, నువ్వూ పొరబడ్డావు. నేను ఇద్దరినీ తిట్టాను.

పిల్లలు పగిలాయి. నిన్న మూడు, ఇవాళ పొద్దున ఒకటి. అయిదోది పెంకుకి చిన్న చిల్లు చేసి లోపలే ఆగిపోయింది. వలిచి బయటికి తీద్దామని చెయ్యి పోయింది. తొందరపడి వలిస్తే నెత్తురు కారి చస్తుందని ఆవిడ చెప్పేది. ఊరుకున్నాను. చచ్చిపోయింది. వలిస్తే బతికేదేమో తెలియదు.

ఆ మంగళవారం నువ్వు నా ముఖంలోకి చూడలేదు. దుఃఖమనుకున్నాను. డాక్టరు మాట తెలిసి కూడా పెళ్ళాన్ని కోళ్ళ దగ్గర కట్టేసిన మొగుణ్ణని నీ కడుపులో ఉంది. అయినా ఒక్క మాట అనలేదు. కోళ్ళ మీద పెట్టి ఏదో అని ఊరుకున్నావు. ఆ తర్వాత నేను రెండు ఉత్తరాల్లో అన్నేసి మాటలంటే, మూడు వాక్యాలు రాశావు. వాటిలోనూ తిట్టు లేదు. అది నేను భరించలేకపోతున్నాను.

అందుకని ఈ ఉత్తరం నీకు చేరాక, గురువారం పొద్దున కోళ్ళ గది తలుపు తీసి, తల్లికోడికీ పిల్లలకీ మేతా నీళ్ళూ పెట్టి, ఏడింటి బస్సెక్కుతాను. నువ్వు షాపు షట్టరు ఎత్తే వేళకి ఎదురుగా నిలబడి ఉంటాను. లోపలికి రమ్మనకు, కుర్చీ వెయ్యకు, చెల్లెమ్మని టీ పెట్టమనకు. ఆ రోజు మింగేసిన మాట నా ముఖం మీద అను. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళుంటే వాళ్ళ ముందే అను. నువ్వు పూర్తిగా అనేదాకా అక్కణ్ణించి కదలను.

నీ బావ