ఇరవై నిమిషాల కూరపై ఫిర్యాదు

మూడో తేదీ

వంట బ్లాగర్ల బృందం కార్యదర్శి గారికి,

నమస్కారం. మీ బృందం పేజీలో పద్నాలుగో వంట, 'ఇరవై నిమిషాల టమాటా గుడ్డు కూర' గురించి రాస్తున్నాను. పేజీలో అభిప్రాయాలు రాసే చోటు మూసేశారు. అందుకని ఉత్తరం.

అది రాసింది నా భార్య. ఏడు నెలల క్రితం పోయింది. మీకు తెలుసు. మీలో కొందరు ఆ రోజు వచ్చారు.

ఆమె రాసినట్టే వండుతున్నాను. ఇప్పటికి పంతొమ్మిదిసార్లు. మూడు టమాటాలు, రెండు ఉల్లిపాయలు, నాలుగు గుడ్లు, రెండు చెంచాల నూనె, అర చెంచా కారం. నేను తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుని. కొలతల్లో పొరపాటు జరగలేదు. చెంచా ఆమెదే, మూకుడు ఆమెదే, పొయ్యి అదే. కూర బాగానే వస్తోంది. ఆమె కూర మాత్రం కావడం లేదు. పదకొండేళ్లపాటు వారానికి రెండు రాత్రులు తిన్నాను కాబట్టి తేడా తెలుస్తుంది.

ఆమె రాయకుండా వదిలేసినది ఏదైనా ఉందా? మీరంతా కలిసి వండుకునేవారట. ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఆ కూర ఇంకొక్కసారి తినాలని ఉంది. మిమ్మల్ని ఇబ్బంది పెట్టే ఉద్దేశం లేదు.

ఇట్లు,
ఇన్‌స్పెక్టరు

తా.క. 'ఉప్పు తగినంత' అని రాసింది. ఎవరికి తగినంత? పంతొమ్మిదిలో ఆరు ఈ ఒక్క మాట మీదే పోయాయి.


ఏడో తేదీ

బావగారికి,

నమస్కారాలు. అక్క మాకు అక్క అయ్యాక మీరు బావగారే. ఇన్‌స్పెక్టరు గారూ అని పిలిస్తే నాకే ఏదో తప్పు చేసినట్టుంటుంది.

మీ ఉత్తరం క్లినిక్‌లో చదివాను. నేను పగలు పళ్ల డాక్టరుని, సాయంత్రాలే కార్యదర్శిని. చదివి కిటికీ వైపు చూస్తూ నిలబడిపోయాను. కుర్చీలో ఉన్న పెద్దమనిషి పావుగంట నోరు తెరుచుకునే ఉన్నాడు, పాపం. మూసుకోమని చెప్పడం మరిచిపోయాను.

మీరు కొలతలంటూ రాశారు గానీ, అసలు సంగతి నాకు అర్థమైంది బావగారూ. ఒక్కరే కూర్చుని తినలేకపోతున్నారు. మగవాళ్లు ఇలాంటివి నేరుగా రాయరు. ఆ సాయంత్రమే అందరినీ పిలిచాను. పదకొండుమంది వచ్చారు, ముగ్గురు ఏడ్చారు, ఇద్దరు పోట్లాడుకున్నారు. చివరికి తేలిందేమిటంటే, రోజుకొకరు అదే కూర ఎవరి పద్ధతిలో వాళ్లు వండి మీ ఇంటికి పంపాలి. సోమవారం బస్సు డ్రైవరు గారితో మొదలు. ఆయన రూటు మీ వీధి మీదుగానే.

వద్దనకండి.

మీ మరదలి వరస,
పళ్ల డాక్టరు

తా.క. శుక్రవారం వంతు మందుల షాపాయనది. ఆయన వంట తిన్నాక ఏమైనా తేడా చేసినా, మందు ఆయనే ఇస్తాడు. ఆ దిగులు పెట్టుకోకండి.


పద్దెనిమిదో తేదీ

కార్యదర్శి గారికి,

పెట్టెలు అందాయి. నేను అడిగింది కూర కాదు, కారణం. అయినా చేతికి వచ్చినదాన్ని చూడకుండా పంపేయడం నా ఉద్యోగంలో లేదు.

బస్సు డ్రైవరు గారి కూర కారం. గొంతులో ఎక్కింది, చివరి స్టాపు దాకా దిగలేదు. బ్యాంకు మేనేజరు గారు మీగడ, జీడిపప్పు, పుట్టగొడుగులు వేశారు. గుడ్డు ఎక్కడుందో కనిపెట్టడానికి కొంత సమయం పట్టింది. కవలల తల్లి గారి కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. కారణం ఊహించగలను. మందుల షాపాయన కొలతల్లో వంక పెట్టడానికి లేదు. భోజనానికి ముందా, తరువాతా అన్నది మాత్రం రాయలేదు. మీ కూరలో తీపి ఉంది. మీ వృత్తికి మంచిదే.

మిగిలినవి కూడా తిన్నాను. ఏదీ ఆమెది కాదు. దగ్గరగా కూడా లేదు. అందరూ శ్రద్ధగా వండారని తెలుసు. దయచేసి ఇక ఆపండి.

ఇట్లు,
ఇన్‌స్పెక్టరు

తా.క. పెట్టెలన్నీ కడిగి ఉంచాను. ఒకదాని అడుగున 'ఒక లీటరు' అని ఉంది. తొమ్మిది వందల నలభై మిల్లీలీటర్లే పడుతోంది. చర్య తీసుకోవడం లేదు.


ఇరవై రెండో తేదీ

బావగారికి,

మీ ఉత్తరం బృందానికి చదివి వినిపిస్తే నవ్వలేక చచ్చాం. ఇంత చక్కగా, ఇంత పొట్టిగా మాలో ఎవరికీ రాయడం రాదు. మేము ఒక్క కూర గురించి నాలుగు పేజీలు రాస్తాం, అందులో మూడు మా అమ్మమ్మ గురించి. అందుకని మీ మాటలు యథాతథంగా పేజీలో పెట్టేశాను. 'తూకంగారి తీర్పులు' అని శీర్షిక. రెండు రోజుల్లో ఊరంతా చదివింది. డ్రైవరు గారు తన మీద తీర్పు కాగితం మీద రాయించి బస్సులో సీటు వెనక అంటించుకున్నారు.

ఆపమన్నారంటే ఇంకా మెరుగుపడాలని మీ భావమని అందరికీ అర్థమైంది. మేనేజరు గారైతే సెలవు పెట్టి మరీ జీడిపప్పు లేకుండా వండుతున్నారు. ఆయన భార్య నాకు ఫోన్ చేసి, ఇంట్లో గుడ్లు మిగలడం లేదు, ఆయన నిద్రలో కూడా తూకంగారూ అంటున్నారు, ఈ మనిషి ఎవరండీ అని అడిగింది.

వచ్చే శనివారం మా నెలవారీ విందు. పార్కు ఎదురుగా ఉన్న హోటల్లో, మేడ మీద, మధ్యాహ్నం మూడున్నరకి. అందరూ అదే కూర తెస్తున్నారు. మీరే న్యాయనిర్ణేత. పేజీలో ప్రకటించేశాను కూడా.

మరదలు

తా.క. మీరు రాకపోతే మేనేజరు గారు గిన్నె పట్టుకుని మీ ఆఫీసుకే వస్తానంటున్నారు. మిమ్మల్ని మెప్పించాలని త్రాసు ఒకటి కొన్నారు. దాని మీద ప్రభుత్వ ముద్ర ఉండాలా?


ఇరవై అయిదో తేదీ

కార్యదర్శి గారికి,

అడగకుండా నా ఉత్తరం ప్రకటించారు. మా ఆఫీసులో గుమాస్తా నుంచి పై అధికారి దాకా అందరూ చదివారు. పై అధికారి తన భార్య చేసిన కూర తెచ్చి నా బల్ల మీద పెట్టారు. బాగుందని చెప్పాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇది నా మొదటి తప్పుడు ధ్రువీకరణ.

శనివారం వస్తాను. తీర్పు చెప్పడానికి కాదు. ఆమె మీతో ఉన్నప్పుడు ఎలా ఉండేదో నేనెప్పుడూ చూడలేదు. ఎక్కడ కూర్చునేదో చూపించండి. నన్ను మాత్రం ఆ కుర్చీలో కూర్చోబెట్టకండి.

ఇట్లు,
ఇన్‌స్పెక్టరు

తా.క. ముద్ర ఉండాలి. త్రాసు తీసుకురమ్మనండి.


ముప్పయ్యో తేదీ

బావగారికి,

ఏం తప్పు జరిగిందో చెప్పండి. నాకు నిన్నటి నుంచి చెయ్యి ఆడడం లేదు. ఈ ఉదయం మంచి పన్ను పీకబోయాను.

పదకొండు గిన్నెలూ కిటికీ పక్కన పెట్టాం. మామూలుగానే ఫొటోల కోసం బల్లలు జరిపాం, కుర్చీలెక్కాం. డ్రైవరు గారు నీడలు పడకుండా తెల్ల అట్ట పట్టుకుని నిలబడ్డారు. మీరు అక్క కుర్చీ వైపు చూస్తూ బుద్ధిగా కూర్చున్నారు. ఫొటోలు అయ్యేదాకా ఎవరూ తినరని, అది మా పద్ధతని చెప్తే తలూపారు. తరువాత గోడ గడియారం చూశారు. భోజనానికీ కాని, పలహారానికీ కాని ఈ వేళ ఎందుకు పెట్టుకున్నారని నన్ను అడిగారు. వెలుతురు కోసం బావగారూ, ఫొటోకి సాయంత్రం ఎండే అందం, లైటు కింద తీస్తే కూర రోగిష్టిలా ఉంటుంది అన్నాను. అంతే. సంచీ తీసుకుని మెట్లు దిగిపోయారు. ఒక్క ముద్ద ముట్టలేదు.

ఇక్కడ తలా ఒక మాట. కవలల్లో ఒకణ్ణి త్రాసులో కూర్చోబెట్టినందుకు మీకు కోపం వచ్చిందని మేనేజరు గారు కుమిలిపోతున్నారు. కారం వాసనకే లేచిపోయారని డ్రైవరు గారు. మీరు తినకపోతే తీర్పు లేదు, తీర్పు లేకపోతే పేజీ లేదు అని మిగిలినవాళ్లు. నాకు పేజీ గొడవ లేదు. మీ ముఖం చూశాను కాబట్టి అడుగుతున్నాను.

మరదలు

తా.క. పిల్లాడి బరువు పదమూడు కిలోలు వచ్చింది. ముద్ర లేదు కాబట్టి వాళ్లమ్మ నమ్మడం లేదు.


రెండో తేదీ

కార్యదర్శి గారికి,

కోపం లేదు. మేనేజరు గారికి చెప్పండి.

ఇంటికి వచ్చి పద్నాలుగో వంట మళ్లీ తీశాను. ఇన్ని రోజులూ రాత మాత్రమే చదివాను. ఫొటో చూడలేదు. నిన్న చూశాను. గిన్నె మీద ఎండ పడుతోంది. అది మా వంటింటి పడమటి కిటికీలోంచి పడే ఎండ. మా ఇంట్లో భోజనం రాత్రి ఎనిమిదింటికి.

ఆమె ఆ ఫొటో ఎన్నింటికి తీసింది? మీ దగ్గర ఉంటే చూసి చెప్పండి. మిగిలిన ఫొటోలవి కూడా.

ఇట్లు,
ఇన్‌స్పెక్టరు


అయిదో తేదీ

బావగారికి,

చూశాను. నాలుగూ పది. మిగిలినవి కూడా నాలుగుకీ నాలుగున్నరకీ మధ్యే. అక్క మూడున్నరకి పొయ్యి వెలిగించేది. ఎండ కిటికీ దాటకముందే ఫొటో తీసి మూత పెట్టేసేది. మళ్లీ వేడి చేస్తే గుడ్డు రబ్బరైపోతుందని అలాగే ఉంచేది. మీకు తెలుసనే అనుకున్నాం.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా విందుల్లో అక్క తినేది కాదు. అందరితో కబుర్లు చెప్పేది, ఫొటోలు తీసేది, తన వాటా పెట్టెలో సర్దుకునేది. 'వాసన చూస్తే నీకు కడుపు నిండుతుందా అక్కా' అని ఏడిపించేవాళ్లం. 'ఆయనొచ్చాక తింటాను. ఒక్కరే తింటే సహించదు' అనేది. సహించనిది మీకో తనకో ఎప్పుడూ చెప్పలేదు.

మరదలు

ఈసారి తా.క. ఏమీ రాయలేకపోయాను.


పదో తేదీ

కార్యదర్శి గారికి,

నిన్న సగం రోజు సెలవు పెట్టాను. మూడున్నరకి వండాను. నాలుగూ పదికి ఎండ గిన్నె మీదికి వచ్చింది. మూత పెట్టి బల్ల దగ్గర కూర్చున్నాను. అయిదున్నరకి ఆకలేసింది. ఆరున్నరకి ఒకసారి మూత దాకా చెయ్యి వెళ్లింది. ఏడింటికి లైటు వేశాను. వీధిలో అడుగుల చప్పుడైనప్పుడల్లా తలుపు వైపు చూస్తున్నానని కాసేపటికి గమనించాను.

ఎనిమిదింటికి తిన్నాను. పులుసంతా గుడ్డులోకి ఇంకిపోయి ఉంది. ఉప్పు తగినంతే. అదే కూర.

ఇన్నాళ్లూ ఎందుకు కుదరలేదో చెప్పాలి. కూర చల్లారిపోవడం లోపమనుకున్నాను. అందుకని పంతొమ్మిదిసార్లూ ఆ లోపం దిద్ది, వేడిగా తిన్నాను. ఆమె ఉన్నప్పుడు కూడా గిన్నె తాకి 'చల్లారిపోయిందే' అనేవాణ్ణి. ఆమె నవ్వి, 'ఆఫీసులో పని ఎక్కువైందా' అనేది. అవుననేవాణ్ణి.

మా ఆఫీసు అయిదింటికి మూసేస్తారు. ఇంటికి పన్నెండు నిమిషాల నడక.

ఆమె బ్లాగు మొదలుపెట్టిన కొత్తలో ఒక సెలవు రోజు నేను వెనక నిలబడి, ఆమె వేసే ప్రతి చెంచా కొలిచాను. కాసేపు చూసి, 'కాస్త అలా బయటికి వెళ్లి రాకూడదూ' అంది. విసుగు లేకుండానే అంది. నేను మాత్రం మనసులో పెట్టుకున్నాను. సాయంత్రాలు వండుకుంటుంది, అడ్డుపడకూడదనుకున్నాను. ఆ మర్నాటి నుంచి అయిదు నుంచి ఎనిమిది దాకా గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. ఆమె వంట ఎప్పుడవుతుందా అని గడియారం చూస్తూ. ఆకలితోనే. ఆదివారాలు ఇద్దరం బయట తినేవాళ్లం కాబట్టి ఎన్నడూ బయటపడలేదు.

పదకొండేళ్లు. రోజుకి మూడు గంటలు. మొత్తం ఎంతో లెక్క వెయ్యడం నాకు వచ్చు. వెయ్యలేదు.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. ఆమె రాసినదాంట్లో ఏమీ వదిలిపెట్టలేదు.

ఒక మనవి. మొన్న విందుకి మందుల షాపాయన కూడా తన వాటా సర్దుకోవడానికి పెట్టె తెచ్చుకోవడం చూశాను. ఆయన ఇంట్లో ఎవరున్నారో నాకు తెలియదు. ఆ పెట్టె ఎన్నింటి నుంచి మూసి ఉందో వాళ్లకి చెప్పమనండి. తను చెప్పలేనంటే నా పేరు చెప్పి, శాఖాపరమైన ఆదేశం అనమనండి.

ఇట్లు,
మీ అక్క భర్త

తా.క. గ్రంథాలయం ఆవిడ నిన్న దారిలో కనిపించి, ఈమధ్య రావడం మానేశారేం అని అడిగింది. ఇప్పుడు అయిదింటికే ఇంటికి వెళ్తున్నానని చెప్పాను.