మొదటి చేపను కొట్టిన కర్ర

సప్పోరో,
సెప్టెంబరు 20

అక్కకి,

తమ్ముడు తోకుజిరో నమస్కారాలు. మోకాళ్ళు తప్ప నేను కులాసా. నీ ఉత్తరం నిండా తిట్లే కాబట్టి నువ్వూ కులాసాయేనని తెలిసింది.

ఈ ఏటి మొదటి సాల్మన్ చేపకి స్వాగతపూజ చేస్తామన్నాను కదా, ఆ చేప వచ్చిందా అనడిగావు. వచ్చింది. సిమెంటు గట్ల మధ్యనుంచి ఎవరి అనుమతీ అడక్కుండా వచ్చింది. అనుమతి మాకే కావలసి వచ్చింది. మన తాతలు పట్టిన చేపను ఒక్కటి పట్టుకోవడానికి నాలుగు దరఖాస్తులు, గడువు పొద్దున పదింటిదాకా! నది ఆఫీసు నుంచి ఒగురో అనే పెద్దమనిషి తెల్ల బూట్లేసుకుని కాపలాకి వచ్చాడు. బురదలోకి తెల్ల బూట్లతో దిగేవాణ్ణి నేను నమ్మను. మన మేనమామ పెళ్ళిచూపులకి అలాగే వెళ్ళి... సరే, అది వేరే కథ.

“తాతగారూ, ఇంకా పది నిమిషాలే.”

“ఆ వాచీ చేపకి చూపించు నాయనా, అదే తొందరపడుతుంది.”

పూజలో మన భాష ప్రార్థన కాగితం చూసి చదివావా అన్నావు. చదివాను. అరవై ఏళ్ళు ఐను ఆదివాసినని పైకి చెప్పుకోకుండా బతికినవాడికి కంఠస్థం ఎలా వస్తుంది? ఊళ్ళో కూర్చుని వెక్కిరించడం తేలిక.

ఇక ఎవరికీ చెప్పని మాట. పూజలో చేపని కొట్టడానికి విల్లో చెట్టు కర్ర తెస్తానని మన ఐను సంఘం పిల్ల షినోబు అంటే నేనే కసిరాను: “చేప ఏ నదికొస్తే ఆ ఒడ్డునే కొయ్యాలే, తెలీదా?” తీరా వెళ్తే ఒడ్డున ఒక్క విల్లో లేదు. వరద నీటికి అడ్డొస్తాయని ఆఫీసువాళ్ళు వారం ముందే నరికేశారు. వలలో చేప కొట్టుకుంటోంది. గడ్డిలో ‘చేపలు పట్టరాదు’ అన్న పాత బోర్డు పడి ఉంది. దాని కర్ర పీకి, కత్తితో పైపైన చెక్కి, చేప తలమీద ఒక్కటేశాను.

“ఎంత చక్కటి విల్లో, బాబాయ్!” అంది షినోబు.

“ఆఁ, మరి!” అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ కర్ర చేపదేవుడికి మనమిచ్చే కానుక కదా. విల్లో అయితే నోట కరుచుకుని, నవ్వుతూ సముద్రానికి పోయి తనవాళ్ళని పంపుతాడు. పుచ్చు కర్రతో కొడితే ఏడ్చుకుంటూ పోతాడు. ఇన్నేళ్ళకి మన చేతికొచ్చినవాణ్ణి నేను ఏడిపించి పంపాను. వచ్చే ఏడు నది ఖాళీగా ఉంటే ఆ పాపం ఆఫీసుది కాదు, నాది.

ఆదివారం అందరిముందూ ఒప్పుకుంటాను. గట్టున విల్లోలు నాటితేగాని మళ్ళీ దరఖాస్తు మీద సంతకం పెట్టనని ఒగురోకీ చెబుతాను. మనుషులు ఏమన్నా పడతాను. కానీ నీళ్ళలో నిలబడి చేపకి చెప్పుకోవాలి. మన భాషలో క్షమించమనడం నాకు రాదక్కా. మన భాష మాట్లాడితే బడిలో కొడతారని అమ్మ నాతో జపనీసే మాట్లాడింది. భాషంతా నీకే ఇచ్చింది. ఇన్నేళ్ళూ నీమీద నా కోపం అదే.

ఆ ఒక్క వాక్యం రాసి పంపు. ఆదివారం లోపు.

ఇట్లు,
నీ మొండి తమ్ముడు
తోకుజిరో